తొండ మెడ ఎందుకు ఎర్రబడింది

ఒకప్పుడు తొండకు కోపమంటే తెలియదు. దాని మెడ కూడా ఒళ్లంతా ఉన్నట్టే బూడిదరంగులో ఉండేది.

ఆ తొండ మణిగిరి అనే పాత నగరంలో కాపురముండేది. అక్కడి రాజులు పోయి చాలాకాలమైంది. అయినా జనం బళ్లు కట్టుకుని వచ్చి నగరం చూసి వెళ్లేవారు. వాళ్లకు అన్నీ చూపించేది ఓబులమ్మ అనే ముసలావిడ. ఆ గోడలు చెక్కిన శిల్పుల వంశంలో మిగిలింది ఆవిడ ఒక్కతే.

ముందు కోట గుమ్మం చూపించేది. తర్వాత నూటపది మెట్ల దిగుడుబావి. చివరికి ఏనుగుల గోడ. ఆ గోడ మీద ఒక తల్లి ఏనుగు తన గున్నకు నీళ్లు పోస్తూ ఉంటుంది. రాయే, కానీ గున్న కళ్లు మూసుకున్న తీరు చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేది. తొండ రోజూ పొద్దున్నే ఆ గున్న వీపు మీద ఎండ కాచుకునేది.

ఒకరోజు జగ్గప్ప అనే షావుకారు భార్యతో కలిసి వచ్చాడు. అంతా తిరిగి చూశాడు. వాళ్లకు మంచినీళ్లు తెద్దామని ఓబులమ్మ బావికి వెళ్లింది. ఆవిడ అటు వెళ్లగానే జగ్గప్ప ఒక ఇనుప మేకు తీసి, గున్న నుదుటి మీద తన పేరు చెక్కడం మొదలుపెట్టాడు.

ఏం చేస్తున్నావని తొండ మర్యాదగానే అడిగింది. ఇంతదూరం వచ్చినందుకు గుర్తుండాలి కదా అన్నాడతను, చెయ్యి ఆపకుండా. రాయికి నొప్పి పుడుతుందా అని కూడా అన్నాడు.

తొండకు లోపల ఏదో భగ్గుమంది.

“ఈ గోడకు పన్నెండేళ్లు పట్టింది. చెక్కినవాళ్లలో ఒక్కరూ పేరు రాసుకోలేదు. నువ్వేం చేశావని రాసుకుంటున్నావు?” అంది.

జగ్గప్ప దాన్ని మేకుతో కిందికి తోసేశాడు. అది మళ్లీ గోడెక్కింది. మళ్లీ తోశాడు. మళ్లీ ఎక్కింది. కడుపులో మంట గొంతుదాకా పాకి, దాని మెడ నిప్పులా ఎర్రబడింది.

అంతలో ఓబులమ్మ వచ్చింది. బిందె దించి, గున్న నుదురు చూసి, కొంగుతో తుడిచింది. గీతలు పోలేదు. జగ్గప్ప భార్యకు సిగ్గేసింది. వెంటనే ఆ పేరు చెరిపెయ్యమని భర్తను కసిరింది. అతను అదే మేకుతో గీకాడు. ఇంకా గట్టిగా గీకాడు. పేరు పోయింది. పేరుతోపాటు గున్న కళ్లూ పోయాయి.

“మళ్లీ ఆ కళ్లు చెక్కేవాళ్లు ఇప్పుడెక్కడున్నారయ్యా?” అంది ఓబులమ్మ.

జగ్గప్ప బండెక్కి వెళ్లిపోయాడు.

తొండ మాత్రం ఊరుకోలేదు. ఆ తర్వాత నగరానికి వచ్చిన ప్రతి మనిషికీ ఎదురుగా నిలబడి, తల ఎగరేసి, “ఎవరు? నువ్వూ పేరు చెక్కడానికే వచ్చావా?” అని నిలదీసింది. దాని పిల్లలు కూడా అలాగే అడిగాయి. వాటి పిల్లలూ అడిగాయి.

అప్పటినుంచే తొండ మెడ ఎర్రబడుతోంది. అప్పటినుంచే అది మనిషి కనిపిస్తే చాలు, రాతి మీద ముందుకాళ్లు ఊని, తల ఎగరేస్తూ అడుగుతూనే ఉంది.