పొగిడితే ఆయుక్షీణం

మా ముఖలింగం మాస్టారు ముప్పై ఏళ్లుగా పార్వతీపురంలో వయొలిన్ నేర్పుతున్నారు. ఇన్నేళ్లలో ఏ శిష్యుడి ఎదుటా "బాగుంది" అన్న పాపాన పోలేదు. బాగా వాయిస్తే "ఊఁ, తరవాతది" అంటారు. తప్పు వాయిస్తే మాత్రం ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఎదుట పొగిడితే పిల్లలకు ఆయుక్షీణమని ఆయన నమ్మకం. మాకూ అదే అబ్బింది. పిల్లలు క్లాసులో ఫస్టొచ్చినా "ఏడిచావులే" అనడమే మా ఇళ్లలో ముద్దు. మారుమాట్లాడితే "నోర్ముయ్" అనడమే పెంపకం. చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

ఒక ఆదివారం ఉదయం పాఠం అయ్యాక, నాతోపాటు నేర్చుకునే నీలవేణి లేవకుండా కూర్చుంది. ఆమె పన్నెండేళ్ల కూతురు హిమజ కూడా మాస్టారి శిష్యురాలే. ఆ పిల్ల గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడింది.

"మాస్టారూ, దీనికి ఫోనులో ఎవరో నేస్తమట. తను పద్నాలుగేళ్ల పిల్లనని ఆ నేస్తం చెప్పుకుందట. రెండు నెలలుగా కబుర్లు. నిన్న నా కంటబడింది. అడగకూడని ఫోటోలు అడుగుతోంది. పిల్లా కాదు, పాడూ కాదు, ఎవడో వెధవ. ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ రాతలన్నీ తీసి పారేస్తాను. కన్నతల్లిని నేనుండగా ముక్కూమొహం తెలీనివాణ్ణి ఇది ఎలా నమ్మింది? దీన్ని ఎలా కాపాడుకోను?"

మాస్టారు పిల్లను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"మొట్టమొదట ఏం రాశాడమ్మా వాడు?"

హిమజ అమ్మ వైపు చూసింది. "అడుగుతుంటే వినబళ్లేదూ?" అని నీలవేణి గదమాయించబోతే మాస్టారు చేత్తో ఆపారు.

"నేను వాయించిన వీడియో చూసి, నీ కమాను పట్టు చాలా బాగుంది అని రాశాడు," అంది పిల్ల. "నన్ను ఎవరూ ఎప్పుడూ అలా అనలేదు," అంది.

మాస్టారి మొహం వాడిపోయింది. నేనైతే నేల చూపులు చూశాను. ఆయన తన వయొలిన్ ఆ పిల్ల చేతికిచ్చి మోహన వర్ణం వాయించమన్నారు. పిల్ల వాయించింది. అయ్యాక, "రెండు చోట్ల జారావు. కమాను పట్టు మాత్రం బాగుంది. ఈ మాట నేను ఏడాది కిందటే చెప్పాల్సింది. తప్పు నాది," అన్నారు.

పిల్ల భోరుమంది. ఆ ఏడుపులోనే మిగతాదీ బయటపడింది. స్కూలు యూనిఫాంలో ఉన్న ఫోటో ఒకటి వాడికి పంపిందట. దాన్ని అసహ్యంగా మార్చి క్లాసులో అందరికీ పంపుతానని బెదిరించాడట. అలా పంపకూడదంటే నోరు మూసుకుని, ఎవరికీ చెప్పకుండా గురువారం స్కూలు వదిలాక ఒంటరిగా బస్టాండుకు రమ్మన్నాడట. వెళ్దామనే అనుకుందట, పిచ్చి తల్లి. ఫోను బీరువాలో పడింది కదా, గండం గడిచిందనుకున్నాం మేము!

నీలవేణి చెయ్యెత్తింది. మాస్టారు ఆ చెయ్యి పట్టుకుని, "నేరం వాడిది, పిల్లది కాదు. ఒక్క ముక్క కూడా తీసెయ్యకుండా ఆ ఫోను పట్రా," అన్నారు. గంటలో అందరం పిల్లను వెంటబెట్టుకుని పోలీసు స్టేషన్లో ఉన్నాం. గురువారం బస్టాండులో పిల్లకు బదులు పోలీసులు కూర్చున్నారు. దొరికినవాడికి నలభై అయిదేళ్లు.

మరుసటి ఆదివారం నీలవేణి వచ్చి మాస్టారికి దణ్ణం పెట్టింది. అయినా మనసూరుకోక, "దేవుడు చల్లగా చూశాడు మాస్టారూ. కానీ ఇంత జరుగుతుంటే ఇది నా దగ్గర నోరు విప్పలేదేం?" అంది.

మాస్టారు వయొలిన్ పక్కన పెట్టారు.

"నోరు ముయ్యమని వాడు ఒక్కసారే చెప్పాడు తల్లీ. మరి మనం?"