కూత తెగిందన్న ఓబులేసు

అనగనగా, రాళ్లు ఇంకా మెత్తగా ఉన్న రోజుల్లో, వేలితో గుచ్చితే కొండకు బొక్క పడే రోజుల్లో, కాకిబండ అని ఒక ఊరు. దానికి ఎదురుగా గవ్వలదిన్నె అని ఇంకో ఊరు. రెండు ఊళ్ల మధ్య ఒక వంక. వంకలో నీళ్లు తక్కువ, వంక మీద తగాదాలు ఎక్కువ.

ముందే చెబుతున్నా, ఈ కథ చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. కాకిబండ మా ఊరే. అయినా వస్తుంది. ఆ ఊరివాళ్లకు చెవులు చిన్నవి, నోళ్లు పెద్దవి.

వాన పడి వంక పారితే మొదటి తడి ఎవరి పొలాలకు? దానికోసం ఏటేటా తలలు పగిలేవి. పగిలి పగిలి తలలే కరువయ్యాక పెద్దలు కూర్చుని ఒక కట్టడి చేశారు. ఏటా వంక ఇసకలో రెండు ఊళ్లూ చెడుగుడు ఆడాలి. గెలిచిన ఊరికి మొదటి తడి. ఓడిన ఊరికి మిగిలింది. మిగిలితే.

కాకిబండలో కొలిమి దగ్గర తిత్తి ఊదేవాడు ఒకడుండేవాడు. పేరు ఓబులేసు. జానెడు భూమి లేదు. వంక ఎటు పారినా వాడికి ఒరిగేదీ లేదు. కానీ ఊపిరి ఉంది. ఎంత ఊపిరి? తిత్తి చినిగిన రోజున నోటితోనే కొలిమి ఊది పన్నెండు నాగళ్ల కర్రులు కాల్పించాడు. పదమూడోది కూడా అయ్యేదే, బొగ్గులు అయిపోయాయి. వాడు కూత పట్టి ఎదుటి బరిలోకి పోయాడంటే, ఇక్కడ ఒక కోడి గుడ్డు పెట్టి, పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని తిరిగేది. వాడు అక్కడ ఇంకా "చెడుగుడు చెడుగుడు" అంటూనే ఉండేవాడు. నమ్మనివాళ్లు ఆ కోడిని అడగండి.

మొదటి ఏడు ఆడాడు. గెలిచాడు. మొదటి తడి కాకిబండకు. రెండో ఏడు ఆడాడు. గెలిచాడు. మొదటి తడి కాకిబండకు. మూడో ఏడు వాడు ఉత్తగా తొడ చరిచాడు, ఆ చప్పుడుకు గవ్వలదిన్నెలో రెండు గోడలు కూలాయి. మొదటి తడి కాకిబండకు. ఊరి పెద్ద చిన్నపరెడ్డి వాడి భుజం మీద చెయ్యేసి, "వీడు మా వాడు" అన్నాడు. మూడేళ్లూ అన్నాడు.

నాలుగో ఏడు వచ్చింది. వానలు సగమే పడ్డాయి. మొదటి తడి అందని ఊరికి ఆ ఏడు గింజ ఉండదు. ఆ సంగతి రెండు ఊళ్లకూ తెలుసు.

ఆట పొద్దున మొదలై పొద్దు వాలేదాకా సాగింది. ఇటు మిగిలింది ఓబులేసు ఒక్కడే. అటు ముగ్గురు. ఓబులేసు కూత పట్టి పోయాడు. ఒకడిని తాకాడు. ఇంకొకడిని తాకాడు. మూడోవాడు ఈరన్న. వాడిది ఉడుము పట్టు, పడితే నడుమైనా తెగాలి, చెయ్యైనా తెగాలి. ఈరన్న నడుము పట్టాడు. ఓబులేసు వాణ్ణి ఈడ్చుకుంటూ వచ్చాడు. ఇసకలో పడిన ఆ చాలు ఎంత లోతంటే, అడుగున ఊట కనబడింది. డప్పులు మోగుతున్నాయి. జనం అరుస్తున్నారు. ఓబులేసు చెయ్యి గీత తాకింది.

కాకిబండ ఎగిరింది. వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు.

"దించండి" అన్నాడు ఓబులేసు. "కూత తెగింది."

"ఏం మాట్లాడతాండావురా?" అన్నాడు చిన్నపరెడ్డి.

"గీతకు మూరెడు అవతలే తెగింది రెడ్డీ. ఊపిరి పీల్చుకున్నాకే గీత తాకినాను."

డప్పుల మోతలో ఎవరు విన్నారు? ఎవరూ వినలేదు. నడుము పట్టిన ఈరన్నే వినలేదు.

చిన్నపరెడ్డి పళ్లు బిగించి అడిగాడు. "బాగా గుర్తు తెచ్చుకోరా. తెగిందా?"

"తెగింది."

"ఊరి మొహం చూసి చెప్పు. తెగిందా?"

"తెగింది."

"నీ పెండ్లాం కడుపుతో ఉంది, దాని కూడు తలుచుకుని చెప్పు. తెగిందా?"

"తెగింది రెడ్డీ. ఎన్నిసార్లడిగితే మాత్రం అతుక్కుంటుందా?"

మొదటి తడి గవ్వలదిన్నెకు పోయింది. కాకిబండలో కొర్ర పైరు మోకాలెత్తున ఎండింది. ఆ ఏడు మా ఊళ్లో ఎలుకలు కూడా వలస పోయాయి, పోతూ పోతూ ఓబులేసును తిట్టాయి.

ఆ తర్వాత వాణ్ణి ఆటకు పిలవలేదు. పేరుతోనూ పిలవలేదు. "తెగినోడు" అన్నారు. "తెగినోడా, తిత్తి బాగా ఊదు, మధ్యలో తెగితే చెప్పు" అని కొలిమి దగ్గర నవ్వేవాళ్లు. వాడి పెండ్లాం సుంకమ్మ నీళ్లకు పోతే, "నువ్వు తర్వాత తోడుకో, మొదటి తడి మీది కాదుగా" అనేవాళ్లు. మూడేళ్లు తిన్న కూడు మరిచారు. ఒక్క ఏడు పస్తు మరవలేదు. చెవులు చిన్నవి, నోళ్లు పెద్దవి.

ఇంకొన్నేళ్లకు ఒక పొద్దున గవ్వలదిన్నె కాలువ కట్ట తెగింది. నీళ్లన్నీ బీడులోకి పోయాయి. ఆ ఊరు ఊరంతా గొడ్డళ్లు పట్టుకుని వచ్చింది. "మీరే తెంపినారు" అన్నారు. "కాదు" అని మావాళ్లు గడ్డపారలు పట్టారు. ఎవరి మాట ఎవరు నమ్ముతారు? ఇటు నలభై మంది, అటు నలభై మంది. గద్దలు ముందే వచ్చి చోటు చూసుకుంటున్నాయి.

ఈరన్న ముందుకొచ్చి, "తిత్తి ఊదే ఓబులేసును పిలవండి. అతను చెప్పనీ" అన్నాడు.

ఓబులేసు మసి చేతులతో వచ్చాడు. గండి దగ్గర కూర్చున్నాడు. భుజం దాకా చెయ్యి పెట్టి చూశాడు. లోపలినుంచి ఒక ఎండ్రకాయను తీసి అందరికీ చూపించాడు.

"మావాళ్లు కాదు ఈరన్నా. ఎండ్రకాయల బొక్కలు. కట్ట లోపలంతా గుల్ల."

ఈరన్న గొడ్డలి కింద పెట్టాడు. "అతను చెప్పినాడు కదా. పదండి, మన్ను మోయాల" అన్నాడు. అంతే. ఎనభై తలలు మెడల మీదే ఉండి ఇళ్లకు పోయాయి.

మావాళ్లేమన్నారో తెలుసా? "తెగినోడు అడ్డం రాకుంటే ఆ పొద్దు నరికి పోగులు పెట్టేవాళ్లం" అన్నారు. తల దక్కినందుకు దండం పెట్టాల్సింది పోయి. నాకు కోపం రాదా?

ఓబులేసు ముసలివాడయ్యాడు. ఒక తెల్లవారుజామున ఊపిరి విడిచాడు. అంత ఊపిరి ఒక్కసారిగా బయటికొస్తే ఊరవతల తాటిచెట్లు వంగాయంటారు. కొడుకుల్లేని సుంకమ్మ పాడె కట్టించింది. మోసేవాళ్ల కోసం చూసింది.

మోసేవాళ్లు ఎక్కడ? రచ్చబండ మీద. వాడు గొప్ప ఆటగాడా కాదా అని తేలుస్తున్నారు. పొద్దు నడినెత్తికొచ్చినా తేలలేదు.

"మూడేళ్లు గెలిపించినాడప్పా" అన్నాడు ఒక పెద్దాయన.

"గెలవాల్సిన ఏడు ఓడించినాడు. మూడు కుండలు నింపి, నాలుగో కుండతో కొట్టి మూడూ పగలగొట్టినట్ల" అన్నాడు ఇంకొకాయన.

"ఆట తెలుసు వాడికి. బతుకు తెలీదు. నిజంగా గొప్పోడైతే ఆ పొద్దు నోరు మూసుకునేవాడు" అన్నాడు చిన్నపరెడ్డి. ఆయనకూ అప్పటికి పళ్లూడాయి. కోపం మాత్రం ఊడలేదు.

సుంకమ్మ అక్కడికే వచ్చింది. "ఏమప్పా, తేలిందా? మీకు తేలేలోగా మనిషి ఉబ్బేటట్టుండాడు. గొప్పోడు కాకుంటే కాకపోనీ. చచ్చినోడు కదా. చచ్చినోణ్ణి మోసేదానికి గొప్పతనం ఎందుకు?"

ఎవరూ లేవలేదు.

అప్పుడు వంక దాటి గవ్వలదిన్నె వచ్చింది. ఒకరిద్దరు కాదు, ఊరంతా. ముందు ఈరన్న, చేతికర్ర పొడుచుకుంటూ. నేరుగా పోయి పాడెకు వంగాడు.

చిన్నపరెడ్డికి రోషం పొడుచుకొచ్చింది. "మా ఊరి శవాన్ని మీరు మోసేదేంది?"

"మీ ఊరిదైతే పొద్దున్నించీ పాడె ఎత్తకుండా కూర్చున్నారేంది?" అన్నాడు ఈరన్న. "ఆ పొద్దు కూత తెగినట్టు నా చెవికి సోకలేదు. సోకలేదని నేను చెప్పుంటే తడి మీకే వచ్చేదేమో, నోరు మెదపలా. ఆ నీళ్లు తాగినాం. ఆ పంట తిన్నాం. తాగినోళ్లమే మోస్తాం."

ఇక చూడండి. నిన్నటిదాకా తెగినోడు, ఇప్పుడు అందరికీ కావలసినవాడయ్యాడు. మావాళ్లు పాడెను ఇటు గుంజారు. వాళ్లు అటు గుంజారు. బతికుండగా వాణ్ణి ఎవరూ అంత గట్టిగా పట్టలేదు, ఈరన్న తప్ప.

సుంకమ్మ పాడెకు అడ్డంగా నిలబడింది.

"ఈరన్న తన మాట తాను చెప్పుకున్నాడు, అతనికి ఒక కొన. మిగతా మూడు కొనలకూ చెబుతాండా. వచ్చేవాడు ఒక్క మాటకు జవాబు చెప్పి రావాల. ఆ పొద్దు బరిలో నువ్వుంటే ఏం చేసేవాడివి?"

ఒకడు ముందుకొచ్చాడు. "నేనైనా తెగిందనే చెప్పేవాణ్ణి వదినా."

"పో" అంది.

ఇంకొకడు వచ్చాడు. "నేను అప్పుడే అనుకున్నా, ఓబులేసుదే న్యాయమని."

"అనుకున్నోడివి అప్పుడు యాడున్నావు? పో."

చిన్నపరెడ్డి లేచాడు. తలగుడ్డ తీశాడు. పాడె దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నువ్వైతే చెప్పేవాడివా రెడ్డీ?" అంది సుంకమ్మ.

ఆయన తలగుడ్డను చేతికి చుట్టుకున్నాడు.

"చెప్పేవాడివా?"

నేల చూశాడు.

"చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి కాదు సుంకమ్మా" అన్నాడు చిన్నపరెడ్డి. "గీత తాకినానని తొడ చరిచేవాణ్ణి."

సుంకమ్మ పక్కకు జరిగింది. "ఈ పొద్దు నిజం చెప్పినావు. పట్టు."

మిగతా రెండు కొనలకూ అట్లాగే మనుషులు దొరికారు. దొరికేసరికి పొద్దు గుంకబోయింది.

కాకిబండ, గవ్వలదిన్నె ఇప్పటికీ వంక ఇసకలో చెడుగుడు ఆడతాయి. ఊరూరా ఆటలకు తీర్పరులుంటారు, ఆ తీర్పరుల మీద తగాదాలుంటాయి. ఆ ఇసకలో తీర్పరి లేడు. పెడతామని ఎవరైనా అంటే రెండు ఊళ్లూ ఏకమై తరుముతాయి. ఊపిరి ఆగినవాడు, ఎవరూ వినకపోయినా, గీత ఎంత దగ్గరున్నా, అక్కడే నిలబడతాడు. "తెగింది" అనడు. "ఓబులేసు" అంటాడు. అని బయటికి నడుస్తాడు. అప్పుడు డప్పులు ఆపుతారు. వాడు గట్టు ఎక్కి కూర్చునేదాకా రెండు ఊళ్లలో ఎవరూ నోరు తెరవరు, మావాళ్లతో సహా.