ఉప్పునీళ్లలో వంకాయ ముక్కలు

కూర్మయ్య గురువుగారికి కిడ్నీలు రెండూ పోయాయని తెలిసిన రోజే లోకనాథం పాఠం మానేశాడు.

గురువుగారికి వచ్చిన తత్త్వాలు ఏ పుస్తకంలోనూ లేవు. ఆయన గురువు పాడితే విని నేర్చుకున్నవి. వాటిలో సగం లోకనాథానికి వచ్చాయి. మిగతా సగం ఆ ముసలి గొంతులోనే ఉన్నాయి, ఆ గొంతుతోనే పోతాయి. ఊళ్లో అందరికీ ఇదే బెంగ. ఆ బెంగ లేనిది శిష్యుడొక్కడికే.

చాకిరీకి మాత్రం వంక పెట్టలేం. వారానికి మూడుసార్లు తన ఆటోలోనే ఆయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్లి తెచ్చేవాడు, పాపం. కానీ గురువుగారు తంబుర అందుకుంటే చాలు, లాక్కుని చూరుకి తగిలించేసేవాడు. ముందు మీరు కోలుకోండి, పాటలెక్కడికి పోతాయి అనేవాడు.

ఒకరోజు డాక్టరుగారు ఉన్నమాట చెప్పేశారు. మిషను రక్తాన్ని కడుగుతుంది గానీ, ఆ కడగడంలోనే ఒంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెరుగుతుందట. ఇనుముకి తుప్పు పట్టినట్టు గుండే, నరాలూ లోపల్లోపలే పాడవుతాయట. పూర్తిగా ఆపే మందు లేదన్నారు.

ఇక లోకనాథానికి తుప్పు తప్ప వేరే ధ్యాస లేదు. ఎవరో విరుగుడని చెబితే ఉసిరి రసం సీసా పట్టుకొచ్చాడు. డయాలసిస్ దగ్గర నర్సమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. ఇలాంటి రసాలతో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోతుందని చెడామడా తిట్టి పారబోసింది.

ఇంటికొచ్చి గురువుగారి కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. చేతులారా చంపేసేవాణ్ణన్నాడు. ఈ తుప్పు ఆగే దారి మీరే చెప్పాలన్నాడు.

మర్నాడు పొద్దున్నే గురువుగారు వంకాయలు తరగమన్నారు. లోకనాథం తరిగి, అందరూ చేసినట్టే ముక్కలు ఉప్పునీళ్లలో వేశాడు. పొయ్యి దగ్గరికి వెళ్లబోతే ఆయన ఆపారు.

"ముందు అవి నల్లబడకుండా చూడు."

నీళ్లు మార్చాడు. కాసేపాగి మళ్లీ లేవబోతే మళ్లీ అదే మాట. అలా మధ్యాహ్నం దాటిపోయింది. ఇద్దరూ పస్తే. ముక్కలు మెత్తబడి, అంచులు నల్లగా తిరిగాయి. లోకనాథానికి ఆకలితో పాటు విసుగూ వచ్చింది.

"ఎన్నిసార్లు మార్చినా ఇవి ఆగవు గురువుగారూ. నీళ్లలో వేసేది పొయ్యి వెలిగేదాకానే."

గురువుగారు సూదుల మచ్చలతో ఉబ్బిన చేతిని ఒళ్లో పెట్టుకుని అతని వంక చూశారు.

"మరి వెలిగించవేంరా?"

లోకనాథం గిన్నెలో నల్లబడ్డ ముక్కల వంక, ఆ ఉబ్బిన చేతి వంక చూశాడు. తర్వాత లేచి, చూరుకున్న తంబుర దించి, దుమ్ము తుడిచి ఆయన చేతికిచ్చాడు.

మొదటి చరణంలోనే ఆయనకి ఆయాసం వచ్చింది. లోకనాథం కళ్లు తుడుచుకున్నాడు గానీ ఆపమనలేదు.