చెంగుతో తుడిచిన థర్మామీటరు

ఒక వీధి మొత్తానికి ఒకే ఒక థర్మామీటరు ఉండేది. పెరుగు తోడు అడిగినట్టే దాన్నీ ఇంటింటివాళ్ళూ అడిగి పట్టుకెళ్ళేవారు. అది ఒక పెద్దావిడది. ఎవరు తిరిగి తెచ్చిచ్చినా చీర చెంగుతో తుడిచి, కళ్ళకద్దుకుని, గాజు గ్లాసులో నిలబెట్టేది.

థర్మామీటరుకి తనమీద మంచి అభిప్రాయమే ఉంది. కాసేపు నాలుక కింద కూర్చుంటే చాలు, మనిషి గుట్టు చెప్పేస్తుంది. బడికి వెళ్ళింది లేదు, ఒంటిమీద గీతలే దాని చదువంతా.

ఆ ఏడు వీధిలోకి గవదబిళ్ళలు వచ్చాయి. పిల్లల దవడలు బూరెల్లా పొంగాయి. థర్మామీటరుకి క్షణం తీరిక లేదు.

"నా ఘనత చూశావా?" అంది ఒకనాడు, పక్క పళ్ళెంలో ఉన్న సబ్బుతో. "నేను వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ జబ్బు బయటపడుతోంది. మూలింటి పిల్లాడికి ఏమీ లేదన్నానా, పక్షం దాటిందో లేదో వాడి దవడా పొంగింది!"

"నువ్వు వెళ్ళకముందు వాడి దవడ ఎలా ఉంది?"

"నిక్షేపంలా ఉంది."

థర్మామీటరులోని పాదరసం మెల్లగా అడుక్కి జారింది.

"అంటే... కనిపెట్టేదీ నేనే, పంచేదీ నేనేనా?"

"ఎవరికీ తక్కువ చెయ్యలేదులే పాపం."

"ముందే చెప్పి చావచ్చుగా!"

"నన్నడిగిందెవరు? తాకేవాళ్ళు లేక పగుళ్ళిచ్చి కూర్చున్నాను."

పెద్దావిడకి ఒక మనవరాలు. పుట్టినప్పటినుంచీ పిల్ల బలహీనం. గాలి మారితే మంచం పట్టేది. ఈసారి జబ్బు తగిలితే తట్టుకోలేదని పెద్దావిడ గడప లోపలికి ఎవరినీ రానివ్వలేదు. పాలవాడు కూడా గేటు దగ్గరే పోసి వెళ్ళేవాడు. ఇన్నాళ్ళూ పిల్ల బాగానే ఉంది. ఆ రోజు మాత్రం అన్నం సగంలో వదిలేసింది. పెద్దావిడ పిల్ల నుదురు తడిమి చూసింది.

అప్పుడే మూలింటావిడ గేటు దగ్గర నిలబడి పిలిచింది.

"పిన్నిగారూ, మీ థర్మామీటరు! మావాడి నోట్లోంచి తియ్యగానే పరుగున తెచ్చా. మీ పిల్ల భద్రమండీ, నేను లోపలికి రాను."

"రాకు తల్లీ, అక్కణ్ణుంచే అందించు."

పెద్దావిడ దాన్ని చెంగుతో తుడిచి లోపలికి నడిచింది. మనుషులతో థర్మామీటరుకి అంకెలు తప్ప మాట రాదు. 'పుట్టి బుద్ధెరిగాక చేస్తున్న మొదటి తెలివైన పని ఇదే. మెచ్చుకోడానికి నేనే ఉండను' అనుకుని, ఆవిడ వేళ్ళ సందులోంచి జారి దూకింది.

ముక్కల్ని పెద్దావిడ జాగ్రత్తగా ఎత్తి పారేసింది. ఒక్క పాదరసపు బొట్టు మాత్రం గచ్చు పగుల్లో దాక్కుంది. అంత తెలివిలో మిగిలింది అదే.

"అయ్యో, వీధికి దిక్కు లేకుండా పోయిందే!" అని అందరూ బాధపడ్డారు. బాధపడి ఊరుకోలేదు. సాయంత్రానికల్లా మూలింటావిడ మళ్ళీ గేటు దగ్గరికి వచ్చింది.

"కొత్తది కొన్నాం పిన్నిగారూ. దుకాణంవాడు ఎలాంటిది అంటగట్టాడో అని ముందు మావాడికి పెట్టి చూశా. నూట రెండు చూపించింది. భేషుగ్గా పనిచేస్తోంది!"

"మంచిపని చేశావు. చూసుకోకుండా పసిదాని నోట్లో ఎలా పెడతాం?"

గచ్చులోని బొట్టు పైకి చూసింది. కొత్త థర్మామీటరు తళతళలాడుతోంది. ఆ మెరుపు దానికి బాగా తెలిసిన మెరుపే.

"త్యాగం కూడా చేశాను కదే," అంది బొట్టు సబ్బుతో.

"చాలా గొప్పగా చేశావు," అంది సబ్బు.

కొత్తది కదా అని పెద్దావిడ చెంగుతో రెండుసార్లు తుడిచింది. కళ్ళకద్దుకుంది.

"ఏదీ, నోరు తెరు బంగారం."

మనవరాలు బుద్ధిగా నోరు తెరిచింది.