ఓసా అని పిలిస్తేనే పలికిన ఎలుగుబంటి

చింతగుప్ప అడవిలో ఎలుగుబంట్లు, జింకలు, కుందేళ్లు ఇరుగుపొరుగుగా జీవించేవి. ఒకనాడు అక్కడికి రంగురంగుల చిలుక ఒకటి ఎగిరి వచ్చింది. తాను స్పెయిన్ దేశపు ఓడలో పెరిగానని చెప్పుకొన్నది.

"ఆ దేశపు భాషలో ఆడజంతువులకు ఎంత అందమైన పేర్లున్నాయో! ఆడ ఎలుగును ఓసా అంటారు. ఆడ జింకను సియెర్వా అంటారు. ఆడ కుందేలు కొనేహా" అని తల్లులకు నేర్పసాగింది.

పాఠం ముగిశాక ప్రతి తల్లినీ ఒకే మాట అడిగేది. "అమ్మా, మీ పిల్లలు ఎక్కడ పడుకొంటారు? వారికి కూడా నేర్పుతాను."

నల్లమ్మ అనే ఎలుగుబంటి మురిసిపోయి తన గుహను చూపించింది. "ఇకమీదట నన్ను ఓసా అని పిలిస్తేనే పలుకుతాను" అని అందరికీ చాటింది.

పొదలమ్మ అనే కుందేలుకు మాత్రం అనుమానం కలిగింది. మాటలు నేర్పడానికి పిల్లల పడక చూడటం ఎందుకు? ఆమె తన బొరియను దాచి, వాగు ఒడ్డున ఉన్న ఖాళీ బొరియను చిలుకకు చూపించింది. మరునాటి ఉదయానికి ఎవరో ఆ బొరియను తవ్విపోశారు. తడిమట్టిలో దుమ్ములగొండి కాలిగుర్తులున్నాయి.

పొదలమ్మ పరుగున గుహకు వెళ్లింది. "నల్లమ్మ వదినా, ఆ చిలుక మన ఇండ్ల జాడలు దుమ్ములగొండికి చేరవేస్తున్నది. పిల్లలను విడిచి కదలకు."

"కొనేహా అని పలకడానికి నీకు నోరు తిరగలేదు. అందుకే ఈ కుళ్లు" అని ఎలుగుబంటి వెక్కిరించింది.

అంతలో కొండమీద నుండి చిలుక పిలిచింది. "ఓసా! ఓసా! ఇక్కడ పెద్ద తేనెపట్టు ఉన్నది!"

ఎలుగుబంటి వెంటనే బయలుదేరింది. అది కొంతదూరం వెళ్లగానే దుమ్ములగొండి పొదలోనుండి లేచి గుహవైపు నడిచింది.

"నల్లమ్మ వదినా! ఆగు, వదినా!" అని పొదలమ్మ అరుస్తూ వెంటపడింది. ఎలుగుబంటికి ఆ పిలుపు వినిపించింది. అయినా పాత పేరుకు పలకడం నామోషీ అనుకొని తల తిప్పలేదు. చివరకు కుందేలు దాని కాళ్లకు అడ్డంపడి, "గుహలో దుమ్ములగొండి దూరింది!" అన్నది.

ఎలుగుబంటి వెనుదిరిగి పరుగెత్తి, ఒక్క దెబ్బతో దుమ్ములగొండిని లోయలోకి పడగొట్టింది. అది చూసి చిలుక అడవి విడిచి పారిపోయింది. కానీ అప్పటికే పెద్దకూన వెనుకకాలు నలిగిపోయింది. కూన ప్రాణంతో మిగిలింది గాని, జన్మలో చెట్టు ఎక్కలేకపోయింది.

ఆ తరువాత కొత్తవారెవరు వచ్చినా, తల్లులందరూ ముందుగా పొదలమ్మను సలహా అడిగేవారు.

నీతి: పొగడుతూ మన ఇంటి గుట్టు అడిగేవారిని నమ్మరాదు, హెచ్చరించే ఆప్తుల మాటను గర్వంతో పెడచెవిన పెట్టరాదు.