పచ్చి ఇటుక మీద మూడు వేళ్ళు

కరువు సీమ నుంచి ఏరు దాటొచ్చిన పోలమ్మ షావుకారు వరహాలయ్య బట్టీలో ఇటుకలు కోసేది. రాజుగారి అనుమతి ముద్రబిళ్ళ లేకుండా ఏరు దాటినవాళ్ళనూ, వాళ్ళకు పనిచ్చినవాళ్ళనూ ఏటి అవతల వదిలెయ్యాలని ఆ రాజ్యంలో చట్టం. అందులో రెండో సగం ఎవరికీ గుర్తు రాకుండా షావుకారు రాజుగారి పక్కనే కూర్చునేవాడు.

బిడ్డకు జ్వరమని పోలమ్మ ఒక్కపూట సెలవు అడిగింది. మధ్యాహ్నానికల్లా షావుకారు కబురు మీద భటులొచ్చి తల్లీబిడ్డల్ని సభకు పట్టుకుపోయారు.

"ఈవిడెవరో నాకు తెలీదు మహాప్రభో. దొంగతనంగా దూరింది," అన్నాడు షావుకారు.

పోలమ్మ ఒళ్ళు కాలుతున్న బిడ్డను భుజం మార్చుకుంది.

"నిజమే దొరా, ఈయన నాకు పనివ్వలేదు. పచ్చి ఇటుక మీద ఎవరి గుర్తు వాళ్ళం నొక్కుతాం. నాది మూడు వేళ్ళు. ఆ గుర్తున్న ఇటుకలన్నీ నావేగా, వాటినీ నాతో పడవెక్కించండి."

షావుకారు దిగ్గున లేచాడు. "అవి కోటగోడకు పోయే ఇటుకలు! నావి! కూడుపెట్టి నేనే కోయించాను!"



"అయితే పడవలో పనిచ్చినవాడికీ చోటుంచండి," అన్నాడు రాజు.

షావుకారు చెమట తుడుచుకున్నాడు. "ముద్రబిళ్ళలు ఇవాళే ఇప్పిద్దాం మహాప్రభో... బట్టీలో అందరికీ."

"ముందు వైద్యుణ్ణి పిలిపించండి షావుకారుగారూ," అంది పోలమ్మ.