చెప్పు అడుగున బుడిపె

సింహాద్రి బిగించిన రెక్క మీద ఈగ వాలితే కాలు జారి కింద పడేది. ఇది నేను కల్పించి చెప్పే మాట కాదు. పలాస జీడిపప్పు గోడౌన్‌లో ఎవర్నడిగినా ఆ ఈగని చూపిస్తారు, ఇప్పటికీ కుంటుతుంది.

ఆ గోడౌన్‌లోనే కాశిం మాస్టారు సొంతంగా విమానం కడుతున్నాడు. ఇద్దరు కూర్చునేది. రెక్క పని శిష్యుడికి అప్పజెప్పి, "రెక్క కుదిరితే మొదట పైకెళ్లేది నువ్వూ నేనూ" అన్నాడు. ఆ రోజు నుంచి సింహాద్రి అన్నం తింటూ కూడా ఆకాశంలోకే చూశాడు. రెండు చేపముళ్లు మింగాడు.

రెక్క రేకుని లోపలి బద్దకి పట్టి ఉంచేవి రివెట్లు. పైన తల రేకుతో సమంగా కూర్చోవాలి. లోపలికి దూరిన తోకని కొడితే బుడిపెలా ఉబ్బి పట్టుకుంటుంది. తెచ్చిన రివెట్లు పొడుగైపోయాయి. ఎంత తోక ఉంచి కత్తిరించాలో మాస్టారు గీత గీసిచ్చాడు. మనవాడు ఆ గీతకన్నా పొట్టిగా కత్తిరించేశాడు. పొట్టిదైతే వంకరపోదు, రెండు దెబ్బలకే అణిగిపోతుంది.

"ఆరొందల రివెట్లు, మాస్టారూ. పైనా నునుపే, లోపలా నునుపే. ఇలాటిది మీరు కూడా కొట్టుండరు."

మాస్టారు రెక్క లోపలికి చెయ్యిపెట్టి తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"నీ చెప్పొకటి ఇలాగియ్యి."

కొత్త హవాయి చెప్పు. మాస్టారు దాన్ని తిరగేసి, అడుగున పట్టీ చివరుండే రబ్బరు బుడిపెని బ్లేడుతో చెక్కి చెక్కి అట్టకి సమం చేశాడు.

"మొన్ననే కొన్నాను, మాస్టారూ."

"తడిమి చూడు. నున్నగుందా?"

"ఉంది."

"ఏసుకెళ్లి టీ పట్రా."

గుమ్మం దాటి పన్నెండు అడుగులు బాగానే వేశాడు. పదమూడో అడుగుకి పట్టీ ఊడి పైకొచ్చింది. సింహాద్రి బోర్లా పడ్డాడు. ఆ అదురుకి ఇచ్ఛాపురం దాకా కిటికీలు కొట్టుకున్నాయి.

మోకాలు చెక్కుకుపోయి, ఒక చెప్పు కాలికీ ఒకటి చేతిలోనూ, కుంటుకుంటూ తిరిగొచ్చాడు. మాస్టారు నవ్వలేదు. తన చెప్పులు విడిచి వాడి ముందు పెట్టాడు.

"నేల మీద ఊడింది కాబట్టి నడిచొచ్చినావు."

అనేసి, టీకి తనే వట్టికాళ్లతో వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి డ్రిల్లు మోగుతోంది. ఊడదీసిన రివెట్లు అయిదో ఆరో నేల మీదున్నాయి. సింహాద్రి తలెత్తలేదు. మాస్టారు టీ గ్లాసు వాడి పక్కన పెట్టి, కొత్త రివెట్ల డబ్బా ముందేసుకుని కూర్చున్నాడు.